'సె లొ' దగ్గర మాట ఎందుకు ఆగిపోతుంది?

ప్రశ్న: కొంతకాలంగా స్పానిష్ నేర్చుకుంటున్నాను. స్పానిష్ ప్రావీణ్యాన్ని పరీక్షించే డెలే బీ1 రాయాలని ఉంది. 'లె' అంటే అతనికి, ఆమెకు అనీ, 'లొ' అంటే అతన్ని, దాన్ని అనీ విడివిడిగా బాగానే తెలుసు. రెండూ ఒకే వాక్యంలో రావాల్సినప్పుడు మాత్రం నోరు ఆగిపోతుంది. ఏది ముందు, ఏది వెనుక, క్రియకు ముందా తర్వాతా అని లెక్క వేసుకునేలోపు అవతలివారు మరో విషయంలోకి వెళ్లిపోతున్నారు. 'లె' ఉన్నట్టుండి 'సె'గా ఎందుకు మారుతుంది? ఆ 'సె' ఎవరిని సూచిస్తోందో ఎలా తెలుస్తుంది? పైగా మెక్సికోకు చెందిన మా టీచరు 'సె లొస్ దీహె' అంటారు. నా పుస్తకంలో 'సె లొ దీహె' అని ఉంది. ఏది నమ్మాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం: 'లెక్క వేసుకునేలోపు' అని రాశారు చూడండి, మీ ఇబ్బంది అంతా ఆ మాటలోనే ఉంది. నియమాలు మీకు తెలియక కాదు. మాట్లాడే క్షణంలో వాటిని ఒక్కొక్కటిగా పేర్చుకోవాల్సి వస్తోంది. ఈ సర్వనామాల జతను చాలా పుస్తకాలు ఒకే పద్ధతిలో నేర్పిస్తాయి: ముందు పూర్తి వాక్యం రాయండి, నామవాచకాలు కొట్టేయండి, వాటి బదులు సర్వనామాలు పెట్టండి, వరుస మార్చండి, 'లె'ను 'సె' చేయండి. కాగితం మీద ఇది చక్కగా కుదురుతుంది. మాటల్లోకి వచ్చేసరికి ఇన్ని మెట్లు ఎక్కే వ్యవధి ఎవరికీ ఉండదు. తెలుగు మాట్లాడేవారికి ఇంతకంటే దగ్గరి దారి ఉంది. అది మన భాషలోంచే వెళుతుంది.

ముందుగా రాత గురించి ఒక మాట. స్పానిష్ మాటలన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. ఒత్తి పలకాల్సిన అచ్చుకు దీర్ఘం ఇచ్చాను, మిగిలినవి హ్రస్వాలు. 'లొ' అని కురచగా రాయడం వల్ల అది మన 'లో' ప్రత్యయంతో కలిసిపోకుండా కూడా ఉంటుంది. ఉచ్చారణ లాటిన్ అమెరికా దేశాలది.

'ఎవరికి', 'దేన్ని' అనే తేడాను పట్టుకోవడానికి ఇంగ్లీషు మాత్రమే వచ్చినవారు చాలా అవస్థ పడతారు. వారికి 'హిమ్' అన్న ఒక్క మాటే 'అతనికి', 'అతన్ని' రెండింటికీ సరిపోతుంది. మనకు ఆ అవస్థ లేదు. 'కి', 'ని' మధ్య తేడా మాటలు నేర్చిన నాటి నుంచీ మన నోటిలో ఉంది. చాలా సందర్భాల్లో 'కి, కు' ఉన్నచోట స్పానిష్‌లో 'లె' వస్తుంది, 'ని, ను' ఉన్నచోట 'లొ' గానీ 'ల' గానీ వస్తుంది. అంటే ఈ పాఠంలో కష్టమైన సగం మీరు ఎప్పుడో నేర్చేసుకున్నారు.

మరి తడబాటు ఎక్కడ? మనం చెప్పకుండా వదిలేసే మాటల దగ్గర. "మరియాకి పుస్తకం ఇచ్చావా?" అని ఎవరైనా అడిగితే "ఇచ్చాను" అంటాం. ఎవరికి, ఏమిటి అన్నవి ప్రశ్నలోనే ఉన్నాయి కాబట్టి మళ్లీ చెప్పం. "ఆమెకు దాన్ని ఇచ్చాను" అని పూర్తిగా చెబితే తెలుగులో అదేదో వాంగ్మూలంలా వినిపిస్తుంది. స్పానిష్‌లో అదే ప్రశ్న 'లె దీస్తె ఎల్ లీబ్రొ అ మరీయ?' అయితే, జవాబు 'సీ, సె లొ దీ'. ఆమెకు, దాన్ని, ఇచ్చాను. మూడూ ఉండి తీరాలి. 'సీ, దీ' అంటే వాక్యమే నిలబడదు. 'సీ, లె దీ' అంటే ఆమెకు ఇచ్చారని తెలుస్తుంది గానీ ఏమిచ్చారన్నది గాలిలో ఉండిపోతుంది. తెలుగువారు చేసే తప్పుల్లో ఎక్కువ భాగం వరుస తప్పడం వల్ల వచ్చేవి కావని నా అభిప్రాయం. మన భాష ఖాళీగా ఉంచే రెండు గదుల్ని స్పానిష్ నింపమంటుంది. మనం నింపడం మరచిపోతాం, గుర్తొచ్చేసరికి ఆలస్యమవుతుంది.

అందుకే మీరు మొదట చేయాల్సిన పని స్పానిష్ పుస్తకం తెరవడం కాదు, తెలుగులో మీరు మాట్లాడే తీరును గమనించడం. "చెప్పావా?" అంటే "చెప్పాను" అంటారు. ఆ ఒక్క మాట స్పానిష్‌లో 'సె లొ దీహె'. "పంపిస్తావా?" అన్నదానికి "పంపిస్తాను" అంటారు. అది 'తె లొ మాందొ'. "తెచ్చి ఇచ్చారా?" "ఇచ్చారు": 'మె లొ త్రహేరొన్'. "చూపించు": 'ఎన్సేన్యమెలొ'. తెలుగులో ఒక క్రియతో సరిపెట్టిన ప్రతి జవాబు వెనుకా ఒక జత దాగి ఉందని చెవి కనిపెట్టడం మొదలుపెడితే సగం పని అయిపోయినట్టే.

మిగతా సగం, ఆ జతను రెండు మాటలుగా కాక ఒకే మాటగా నోటికి అలవాటు చేయడం. 'మె' ప్లస్ 'లొ' అనుకోకండి. 'మెలొ', 'తెలొ', 'సెలొ', 'నొస్‌లొ' అని ఒక్క ఊపిరిలో పలకండి. రాసేటప్పుడు విడిగా రాసినా వినిపించేది అలాగే. స్పెయిన్‌లో సన్నిహితులు ఇద్దరు ముగ్గురిని కలిపి 'మీకు' అనడానికి 'ఒస్ లొ' కూడా ఉంది. లాటిన్ అమెరికాలో అది మాటల్లో వినిపించదు, ఆ పని కూడా 'సె లొ'యే చేస్తుంది. వరుస గురించి బెంగ అక్కర్లేదు. ఎవరికి అన్నది ఎప్పుడూ ముందు, దేన్ని అన్నది వెనుక. జతను ఒకే మాటగా నేర్చుకుంటే ఈ నియమాన్ని గుర్తుపెట్టుకోవాల్సిన అవసరమే రాదు.

కొన్ని వాక్యాలు విశ్లేషించకుండా అలాగే నోటికి పట్టించండి. దుకాణంలో ఒక వస్తువు నచ్చి కొనాలనుకుంటే 'మె లొ యేబొ', తీసుకుంటాను అని. హోటల్లో బిల్లు కావాలంటే 'ల క్వేంత, మె ల త్రాయె, పొర్ ఫబోర్?' ఒట్టేసి చెప్పడానికి 'తె లొ హూరొ'. నేను ముందే చెప్పానుగా అనడానికి 'తె లొ దీహె'. నమ్మలేకపోతున్నాను అనడానికి 'నొ మె లొ క్రేయొ'. మర్యాదగా కృతజ్ఞత చెప్పడానికి 'సె లొ అగ్రదేస్కొ'. ఇవి స్పానిష్ మాట్లాడేవారి నోట రోజూ వినిపించేవే. ఇవి నాలుక మీద ఉంటే కొత్త క్రియ వచ్చినప్పుడు జత తనంత తానే ముందుకు వస్తుంది.

బిల్లు అడిగే వాక్యంలో 'లొ' బదులు 'ల' వచ్చింది, గమనించారా? మనల్ని నిజంగా ఇబ్బందిపెట్టే చోటు ఇది. తెలుగులో వస్తువు ఏదైనా 'అది'. స్పానిష్‌లో పుస్తకం పుంలింగం, ఉత్తరం స్త్రీలింగం, తాళంచెవులు స్త్రీలింగ బహువచనం. కాబట్టి పుస్తకమైతే 'తె లొ మాందొ', ఉత్తరమైతే 'తె ల మాందొ', తాళంచెవులు ఇస్తావా అనడానికి 'మె లస్ దాస్?'. చెయ్యిని 'మానొ' అంటారు. చివర 'ఒ' ఉన్నా అది స్త్రీలింగమే. అందుకే "చేతులు కడుక్కున్నావా?" అంటే "కడుక్కున్నాను" అనడానికి 'మె లస్ లబే'. దీనికి అడ్డదారి లేదు. ప్రతి నామవాచకాన్నీ దాని 'ఎల్' లేదా 'ల'తో కలిపి నేర్చుకోవడమే మార్గం. ఒక్క ఊరట ఏమిటంటే, మీరు సూచించేది వస్తువు కాక ఒక విషయమో, అన్న మాటో, జరిగిన సంగతో అయితే ఎప్పుడూ 'లొ'యే. 'సె లొ దీహె'లోని 'లొ' అదే. అందుకే చెప్పడం, వివరించడం లాంటి క్రియలతో సాధన మొదలుపెట్టడం మంచిది. వాటి దగ్గర లింగం గొడవ చాలావరకు ఉండదు.

ఇప్పుడు 'లె' ఎందుకు 'సె' అవుతుందో చూద్దాం. 'లె లొ' అంటే వినసొంపుగా ఉండదని మార్చారని చాలాచోట్ల చెబుతారు. అది కారణం కాదు. స్పానిష్‌లో 'లేలొ' అన్న మాటే ఉంది, మందమతి అని అర్థం. దాన్ని పలకడానికి ఎవరికీ ఇబ్బంది లేదు. అసలు కథ లాటిన్‌లో మొదలవుతుంది. 'అతనికి' అనడానికి లాటిన్‌లో 'ఇల్లీ', 'అతన్ని' అనడానికి 'ఇల్లుమ్'. విడిగా ఉన్న 'ఇల్లీ' అరిగి అరిగి 'లె' అయింది. రెండూ పక్కపక్కన వచ్చిన చోట మాత్రం మొదటి మాట చివరి 'ఈ' తర్వాతి అచ్చుకు తగిలి, నడుమనున్న ధ్వని మెత్తబడి 'జె' లాంటి ఉచ్చారణ వచ్చింది. మధ్యయుగపు స్పానిష్ రాతల్లో ఇది 'జెలొ' అనే కనిపిస్తుంది. 'మియో సిద్' కావ్యంలోనూ అలాగే ఉంటుంది. ఆ తర్వాతి కాలంలో స్పానిష్‌లోని ఊష్మ ధ్వనులన్నీ స్థానాలు మారాయి. 'జె' ఉచ్చారణ అప్పటికే భాషలో ఉన్న 'సె'కు దగ్గరగా వచ్చింది. 16వ శతాబ్దం నాటికి 'సె లొ' స్థిరపడిపోయింది. 'వారికి' అనే బహువచనానికి కూడా లొ, ల ముందు ఇదే రూపం నిలిచింది. అందువల్లే ఈ 'సె'కు ఏకవచనం, బహువచనం అన్న తేడా లేదు.

ఈ చరిత్ర పరీక్షలో అడగరు. అయినా చెప్పడానికి కారణం ఉంది. మనసులో 'లె లొ' అనుకుని, దాన్ని 'సె లొ'గా మార్చే అలవాటును మీరు ఈరోజే మానేయాలి. స్పానిష్ మాట్లాడిన ఏ తరమూ 'లె లొ' అని 'సె లొ'గా దిద్దుకోలేదు. ఆ జత మొదటి నుంచీ వేరే రూపంతోనే ఉంది. లొ, ల, లొస్, లస్ పక్కన ఉన్నప్పుడు 'అతనికి' అన్న మాటే 'సె'. అంతవరకు అనుకుంటే చాలు.

ఇక ఆ 'సె' ఎవరిది? అతనికి, ఆమెకు, మీకు, వారికి, వీటిలో ఏదైనా కావచ్చు. చాలాసార్లు సందర్భమే చెబుతుంది, కాబట్టి ప్రతిసారీ వివరించాల్సిన పని లేదు. అనుమానానికి చోటుంటే చివర 'అ' చేర్చి చెబుతారు: 'సె లొ దీ అ ఏల్' అంటే అతనికి, 'అ ఏయ' అంటే ఆమెకు, 'అ ఉస్తేద్' అంటే మీకు, 'అ ఏయొస్' అంటే వారికి. పేరైనా పెట్టవచ్చు, 'సె లొ దీ అ మరీయ' అని. ఇక్కడ ఒక జాగ్రత్త. 'అ మరీయ' చేర్చినంత మాత్రాన 'సె'ను తీసేయకూడదు. ఒకే మనిషిని రెండుసార్లు చెప్పినట్టు మనకు అనిపిస్తుంది, స్పానిష్‌కు అలా అనిపించదు. కానీ 'సె లొ దీ ఎల్ లీబ్రొ' అని 'దేన్ని' అన్నదాన్ని కూడా చివర పెడితే తప్పు.

పుస్తకాన్ని వాక్యం మొదట పెడితే మాత్రం జత కచ్చితంగా ఉండాలి: 'ఎల్ లీబ్రొ సె లొ దీ అ మరీయ'. దీన్ని తెలుగులో చెప్పి చూడండి: "ఆ పుస్తకం మరియాకి ఇచ్చాను." దేని గురించి మాట్లాడుతున్నామో దాన్ని ముందు చెప్పడం మనకు సహజం. స్పానిష్ మాటల్లోనూ ఈ వాక్యం ఎంతో సహజం. ఇంగ్లీషు ద్వారా స్పానిష్ నేర్చుకునేవారు దీన్ని చాలా ఆలస్యంగా వాడతారు. మీరు ఇప్పటి నుంచే వాడండి. హోటల్లో బిల్లు అడిగే వాక్యం నిర్మాణం కూడా ఇదే.

'సె' గురించి మరో విశేషం ఉంది. మన 'కి' ఇవ్వడాన్ని సూచిస్తుంది, తీసుకోవడానికి మనం 'దగ్గర', 'నుంచి' అంటాం. స్పానిష్ ఈ రెండింటికీ ఒకే సర్వనామం వాడుతుంది. 'సె లొ కితే' అంటే అతని దగ్గర నుంచి లాక్కున్నాను. 'సె లొ కొంప్రే' అంటే అతని కోసం కొన్నాననీ అనుకోవచ్చు, అతని దగ్గర కొన్నాననీ అనుకోవచ్చు. వాక్యంలో ఏ లోపమూ లేదు, అర్థం సందర్భం నుంచి రావాల్సిందే. ఇది తెలియకపోతే వింటున్నప్పుడు బోల్తా పడతాం.

'కి అంటే లె, ని అంటే లొ' అన్న పోలిక చాలా దూరం తీసుకెళుతుంది గానీ కొన్ని క్రియల దగ్గర ఆగిపోతుంది. ఆ క్రియల్ని ముందే తెలుసుకోవడం మేలు. తెలుగులో "అతన్ని అడిగాను" అంటాం, 'ని' వస్తుంది. స్పానిష్‌లో ఎవరిని అడిగామో ఆ మనిషి ఎప్పుడూ 'లె': 'లె ప్రెగుంతే'. అడిగిన విషయం 'లొ'. కాబట్టి "ఆ సంగతి అతన్ని అడిగాను" అనడానికి 'సె లొ ప్రెగుంతే'. కావాలని అడగడానికి వేరే క్రియ ఉంది, అక్కడా ఇంతే: 'సె లొ పెదీ'. దీనికి తిరగబడిన సందర్భాలూ ఉన్నాయి. "ఆమెకు సాయం చేశాను", "ఆమెకు ఫోన్ చేశాను" అని మనం 'కు' వాడతాం. అక్కడ ఎక్కువ ప్రాంతాల్లో 'ల అయుదే', 'ల యమే' అని 'ల' వస్తుంది. "ఆమె కోసం ఎదురుచూశాను" కూడా 'ల ఎస్పెరే'యే. "నాకు తెలుసు"లో 'నాకు' ఉన్నా 'లొ సే' అనాలి, 'మె లొ సే' అని మొదలుపెట్టకూడదు.

ఒకచోట మాత్రం మన భాష సరైన సమాధానం ముందే చెప్పి పెట్టింది. 'గుస్తార్' క్రియతో 'మె లొ గుస్త' అని కొందరు జత వేసేస్తారు. "నాకు అది నచ్చింది" అన్న వాక్యాన్ని చూడండి. 'అది' అన్నాం, 'దాన్ని' అనలేదు. "నాకు దాన్ని నచ్చింది" అని తెలుగులో ఎవరూ అనరు. నచ్చిన వస్తువు ఆ వాక్యానికి కర్త. స్పానిష్‌లోనూ అంతే, కర్త కాబట్టి 'లొ' రాదు. 'మె గుస్తో' దగ్గరే ఆగాలి. అనుమానం వచ్చినప్పుడల్లా తెలుగు వాక్యంలో 'అది' వస్తుందా, 'దాన్ని' వస్తుందా అని సరిచూసుకోండి.

క్రియకు ముందా, తర్వాతా అని అడిగారు. క్రియ నేను, నువ్వు, అతను అన్నవాటిని బట్టి మారిన రూపంలో ఉంటే జత దాని ముందు విడిగా ఉంటుంది: 'సె లొ దీ', 'తె లొ మాందొ'. జత వెనుక అంటుకునేవి మూడే సందర్భాలు. ఒకటి ఆజ్ఞ: 'దామెలొ', నాకివ్వు. 'దీసెలొ', అతనికి చెప్పు. మర్యాదగా అయితే 'దీగసెలొ', చెప్పండి. రెండోది తుమున్నర్థకం, అంటే 'ఇవ్వడం' లాంటి అర్థమిచ్చే రూపం: 'దార్తెలొ'. మూడోది 'చేస్తూ' అనే అర్థమిచ్చే రూపం: 'ఎక్స్‌ప్లికాందొసెలొ'. వద్దని చెప్పే ఆజ్ఞలో మాత్రం జత మళ్లీ ముందుకు వస్తుంది: 'నొ మె లొ దేస్', నాకివ్వకు. 'దామెలొ', 'నొ మె లొ దేస్' రెండింటినీ పక్కపక్కన పలుకుతూ సాధన చేయండి. వ్యతిరేకార్థంలో జత స్థానం మారడం నోటికి అలవాటైతేనే పని జరుగుతుంది, నియమం చదివితే చాలదు.

వాక్యంలో రెండు క్రియలుంటే మీ ఇష్టం. 'తె లొ బోయ్ అ దార్' అన్నా, 'బోయ్ అ దార్తెలొ' అన్నా నీకు ఇస్తాననే. మాటల్లో రెండూ వింటారు. కూడనిదల్లా విడదీయడం. 'తె బోయ్ అ దార్లొ' అని ఒకటి ముందు, ఒకటి వెనుక పెట్టకూడదు. ఒకే కాడికి కట్టిన ఎడ్లలా రెండూ ఎటు వెళితే అటు కలిసే వెళ్లాలి. 'చెప్పి ఉన్నాను' అనే అర్థంలో వచ్చే 'సె లొ ఎ దీచొ' లాంటి రూపాల్లో ఈ స్వేచ్ఛ లేదు, జత ఎప్పుడూ ముందే.

పరీక్ష రాస్తున్నారు కాబట్టి ఇది ప్రత్యేకంగా గుర్తుంచుకోండి. క్రియ వెనుక సర్వనామాలు అంటుకున్నా ఒత్తు పలికే చోటు మారదు. 'దా', 'దామె', 'దామెలొ', ఎంత పొడిగించినా ఒత్తు 'దా' మీదే. 'దామె'కు రాతలో ఒత్తు గుర్తు అక్కర్లేదు, 'దామెలొ'కు కావాలి. 'దార్లొ'కు అక్కర్లేదు, 'దార్తెలొ'కు కావాలి. ఒక్క మాటలో, క్రియకు రెండు సర్వనామాలు అంటుకున్నాయంటే అచ్చు మీద ఆ గుర్తు పెట్టి తీరాలి. మరో చిన్న సంగతి: 'అతనికి ఇచ్చేద్దాం' అనేటప్పుడు 'దేమొస్'కు 'సె లొ' చేరిస్తే రెండు 'స'లు కలిసి ఒకటే మిగులుతుంది, 'దేమొసెలొ' అని.

మీరు అడగలేదు గానీ త్వరలోనే ఎదురయ్యే జత ఒకటుంది: 'సె మె ఒల్బిదో', మరచిపోయాను. 'సె మె కయో', చేతిలోంచి జారి పడిపోయింది. ఈ 'సె' అతనికి అనే 'సె' కాదు. మనం కావాలని చేయకుండా జరిగిపోయిన పనిని చెప్పేది. ఏ 'సె' అయినా వరుసలో అదే ముందుంటుంది. 'మె సె' అని కొందరి నోట వినిపించినా దాన్ని చదువు లేనివారి మాటగా చూస్తారు. స్పెయిన్‌లో పిల్లలకు ఇది గుర్తుండటానికి 'నెల కంటే ముందు వారం' అని చెబుతారు. వారాన్ని 'సెమాన' అంటారు, నెలను 'మెస్' అంటారు.

మళ్లీ 'ఎవరికి, దేన్ని' అని చెప్పే జతకు వస్తే, దాని రెండో గదిలో లొ, ల, లొస్, లస్ మాత్రమే హాయిగా ఇముడుతాయి. "అతన్ని నాకు పరిచయం చేశారు" అంటే 'మె లొ ప్రెసెంతారొన్'. "నన్ను అతనికి పరిచయం చేశారు" అనాలంటే జత కుదరదు. 'మె ప్రెసెంతారొన్ అ ఏల్' అని విడదీసి చెప్పాలి. ఇలాంటివి తరచుగా రావు, వస్తే ఇదే పద్ధతి.

సాధన ఎలా చేయాలంటే, పూర్తి వాక్యాల్ని జతలుగా మార్చే అభ్యాసాలు పక్కన పెట్టి ప్రశ్నలకు జవాబులు చెప్పండి. ఒక పూటకు ఒక క్రియ చాలు. అప్పు ఇవ్వడాన్ని చెప్పే 'ప్రెస్తార్' తీసుకోండి. గొడుగు అడుగుతున్నారనుకుందాం. 'మె ప్రేస్తస్ ఎల్ పరాగ్వస్?' అంటే 'సీ, తె లొ ప్రేస్తొ'. నాకు ఇస్తావా అంటే నీకు ఇస్తాను అన్నట్టుగానే 'మె' కాస్తా 'తె' అయింది. పెద్దవారో కొత్తవారో 'మె లొ ప్రేస్త?' అని అడిగితే జవాబు 'సె లొ ప్రేస్తొ', మీకు ఇస్తాను. ఆనాకి ఇచ్చావా అంటే 'సె లొ ప్రెస్తే'. తిరిగి ఇచ్చిందా అంటే 'మె లొ దెబొల్బ్యో'. ఇంకా ఇవ్వలేదా అంటే 'నొ మె లొ దెబొల్బ్యో'. ఇప్పుడు గొడుగు తీసేసి, స్త్రీలింగమైన సైకిలు, 'బిసిక్లేత', పెట్టి మళ్లీ అంతా మొదటి నుంచి చెప్పండి, ప్రతిచోటా 'ల' రావాలి. ఎవరైనా ఎదురుగా కూర్చుని అడిగితే మరీ మంచిది. లేకపోతే ప్రశ్నలు మీ గొంతుతోనే ఫోనులో రికార్డు చేసుకుని, మధ్యలో కాస్త విరామం ఉంచి, ఆ విరామంలోనే జవాబు చెప్పండి. ఆ తొందరే మీకు కావాల్సింది. లెక్క వేసుకునే వ్యవధి లేనప్పుడే నోరు జతను నేరుగా అందుకోవడం నేర్చుకుంటుంది.

చివరగా మీ టీచరు మాట. వారు తప్పు నేర్పడం లేదు, వారి ప్రాంతంలో మాట్లాడే భాషే మాట్లాడుతున్నారు. 'వారికి ఆ సంగతి చెప్పాను' అనాలంటే, చెప్పిన సంగతి ఒకటే కాబట్టి లెక్క ప్రకారం 'సె లొ దీహె'. కానీ వింటున్నవారు పలువురని చెప్పడానికి 'సె'కు బహువచనం లేదు. 'లెస్ దీహె'లో వినిపించే ఆ 'స్' జతలోకి రాగానే మాయమైపోతుంది. మాట్లాడేవారు ఆ బహువచనాన్ని వదులుకోలేక పక్కనే ఉన్న 'లొ' మీదికి నెట్టి 'సె లొస్ దీహె' అంటున్నారు. మెక్సికోతోపాటు లాటిన్ అమెరికాలో చాలా దేశాల్లో ఇది వినిపిస్తుంది, చదువుకున్నవారి నోట కూడా. రాయల్ స్పానిష్ అకాడెమీ మిగతా దేశాల అకాడెమీలతో కలిసి 2005లో తెచ్చిన సందేహాల నిఘంటువు, ఈ వాడుక ఎంత విస్తరించినా జాగ్రత్తగా మాట్లాడే సందర్భాల్లో మానుకోవడం మంచిదని సూచించింది. కాబట్టి పరీక్షలో 'సె లొ దీహె' అనే రాయండి, పలువురికి చెప్పారని స్పష్టం కావాలంటే 'అ ఏయొస్' చేర్చండి. మీ టీచరు 'సె లొస్' అన్నప్పుడు మాత్రం, చాలా సంగతులు చెప్పారా లేక చాలామందికి చెప్పారా అన్నది సందర్భాన్ని బట్టి అర్థం చేసుకోండి. చాలాసార్లు రెండోదే అయి ఉంటుంది.